కుట్టు విప్పిన పాస్‌పోర్టు

లాండ్రీ పైన గది,
మార్చి 4

అక్కకి,

నాలుగేళ్ల తర్వాత రాస్తున్నాను. నా రాత చూడగానే చింపి పారేస్తావేమోనని కవరు మీద అడ్రసు మా లాండ్రీలో బొత్తాలు కుట్టే ఆవిడ చేత రాయించాను. ఫోన్ చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. మెసేజీలు పంపితే చూసే రకానివి కావు. అందుకే ఈ ఉత్తరం.

సూటిగా చెప్పేస్తాను. నాకు ఒంట్లో బాగాలేదు. కడుపులో గడ్డ ఉందట, వచ్చే నెల ఆపరేషన్ చేస్తామన్నారు. చిన్నదేనట, కంగారు పడకు. కానీ పిల్ల ఉందిగా. నువ్వు చూసినప్పుడు నెల గుడ్డు, ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. ఎంత తిన్నా పిడికెడే ఉంటుందని అందరూ దాన్ని పిచ్చుక అంటారు. దాని తండ్రి ఎక్కడున్నాడో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఇక్కడ పిల్లల సంక్షేమ శాఖ అని ఒకటుంది. అందులో పనిచేసే ఆవిడ వచ్చి అన్నీ అడిగి వెళ్లింది. నాకేదైనా అయితే పిచ్చుకని ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంట్లో పెడతారట. అలా కాకుండా ఉండాలంటే రక్తసంబంధీకులు ఒకరు స్వయంగా వచ్చి, నా పక్కన కూర్చుని, అధికారి ఎదుట సంతకం చేయాలి. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

అప్పట్లో నీకిచ్చిన వీసా పదేళ్లది. ఇంకా ఆరేళ్లుంది. టికెట్ కొనుక్కుని ఎక్కడమే. ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వన్నది నువ్వు తీసుకోకపోయినా ఫర్వాలేదు. రా.

చెల్లి


బైండింగ్ షాపు,
మార్చి 15

చెల్లికి,

ఉత్తరం అందింది. చింపలేదు. అడ్రసు ఎవరి చేత రాయిస్తే ఏం, కవరు మూల లోపలికి మడిచి అంటించావు. అలా అంటించేది నాన్న, నాన్న తర్వాత నువ్వు.

వస్తాను. ఆ మాట ముందు రాసేస్తున్నాను, మిగతాది చదివి బెంగ పెట్టుకోకు.

ఒక చిక్కు వచ్చి పడింది. పాస్‌పోర్టు పాడైంది. పోయిన వానల్లో షాపు కప్పు కారింది, నీళ్లు దాని మీదే పడ్డాయి. అట్ట ఉబ్బింది. మొదటి నాలుగు పేజీలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. నా ఫొటో మీది ప్లాస్టిక్ పొర లేచి నా మొహం సగం పొలుసూడినట్టుంది. ఫొటో పోతే పోయింది, అందులో నేనేం అందగత్తెని కాదులే. వీసా ఉన్నది పదకొండో పేజీ. దానికి ఒక్క మరక లేదు. మొత్తంగా ఇప్పుడు చూడ్డానికి మరీ అంత అధ్వానంగా ఏమీ లేదు.

ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్నాయన ఇలాంటివన్నీ తెలిసినవాడు. పాడైన పాస్‌పోర్టుకి బదులు కొత్తది ఇస్తారని, దానికి వేరే దరఖాస్తు ఉంటుందని చెప్పాడు. ఫారం తెచ్చాడు కూడా. నాకు కొత్తది ఇస్తారు సరే, మరి పాతదాంట్లో ఉన్న వీసా మాటేమిటి? అది ఆయనకీ తెలియదు. నువ్వు అక్కడ కనుక్కుని రాయి.

ఆపరేషన్ చిన్నదే అయితే వేళకి తిను, వేళకి పడుకో. పిల్లకి జలుబు చేయకుండా చూడు.

అక్క


లాండ్రీ పైన గది,
మార్చి 26

అక్కా,

వస్తానన్న ముక్క పిచ్చుకకి పదిసార్లు చదివి వినిపించాను. దానికి పెద్దమ్మ అంటే ఇస్త్రీ టేబులంత ఎత్తుంటుందని ఎవరు చెప్పారో గానీ, రోజూ వచ్చి టేబులు పక్కన నిలబడి చూసుకుంటోంది.

వీసా సంగతి కనుక్కున్నాను. సంక్షేమ శాఖావిడ ఆఫీసుకి ఫోన్ చేసి మరీ అడిగింది. పాస్‌పోర్టు మారినా వీసా చెడదు. పాతదీ కొత్తదీ రెండూ కలిపి చేతిలో పట్టుకుని వస్తే చాలు, పాతదాంట్లో వీసా చూసి కొత్తదాని మీద ముద్ర వేస్తారు. కానీ ఒక షరతుంది. వీసా పేజీ చెక్కుచెదరకుండా ఉండాలి. చిరగకూడదు, తడవకూడదు, ఊడదీసి పెట్టినట్టు అనుమానం రాకూడదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. నీళ్లలో నానిన పుస్తకం ‘అంత అధ్వానంగా లేదు’ అంటే నువ్వేం చేశావు? పాడైన పుస్తకం ఎదురుగా ఉంటే నీ చేతులు ఊరుకోవు. బడి పిల్లల నోటుపుస్తకాలు అడక్కుండానే కుట్టి ఇచ్చేదానివి. పాస్‌పోర్టు కుట్టావా? కుట్టకపోతే ఇక ముట్టుకోకు. ఎలా ఉన్నది అలాగే తీసుకెళ్లి చూపించు. కుట్టి ఉంటే ఆ సంగతి ఇప్పుడే ఆఫీసులో చెప్పెయ్, వాళ్లే దారి చూపిస్తారు. అది ఒట్టి పుస్తకం కాదే.

సంతకాలకి తేదీ ఇచ్చారు. జూన్ పది.

చెల్లి


బైండింగ్ షాపు,
ఏప్రిల్ 9

చెల్లికి,

పాస్‌పోర్టు ఆఫీసు పని అయింది. నా చెవులుగా ఉండడానికి జిరాక్సాయన షాపు మూసి మరీ తోడొచ్చాడు. కౌంటర్లో ఆవిడ గుసగుసగా అడుగుతుంది, ఈయన ఆ ప్రశ్నని నా చెవి దగ్గర అరుస్తాడు. నా పుట్టిన తేదీ, నా ఎత్తు, నాకు పెళ్లి కాలేదన్న సంగతి హాల్లో ఉన్న రెండు వందల మందికీ తెలిసిపోయాయి. ఒక ముసలాయన నా వంక జాలిగా చూశాడు కూడా.

ఎలా పాడైందో సొంత దస్తూరీతో రాసివ్వమన్నారు. వాన అని రాశాను. ఆవిడ పాతదాన్ని తీసుకుని అతుక్కున్న పేజీలు చూసింది, ఫొటో పేజీ చూసి తల ఊపింది. పదకొండో పేజీ దగ్గర ఆగి వీసా తేదీ చదివింది. వీసా చెల్లుతుంది కాబట్టి ఆ పేజీ ముట్టుకోకుండా, అట్ట మూల మాత్రం కత్తిరించి పాతది తిరిగి ఇచ్చేస్తామంది. రెండూ కలిపి తీసుకెళ్లమంది. నువ్వు రాసినదే ఆవిడా చెప్పడంతో నాకు గుండె దిటవైంది.

పోలీసు విచారణకి ఒకతను వచ్చి వెళ్లాడు. షాపులో నిలబడి, తన డైరీ వెన్ను ఊడిపోయిందని చూపించాడు. అక్కడికక్కడే అంటించి ఇచ్చాను. సంబరపడిపోయాడు.

నువ్వడిగిన మిగతావన్నీ ఎదురుబొదురుగా కూర్చున్నప్పుడు చెప్పుకుందాం. ఆపరేషన్ అయిందా? ఒక ముక్క రాయి.

అక్క


ఆసుపత్రి, నాలుగో అంతస్తు, కిటికీ పక్క మంచం,
ఏప్రిల్ 24

అక్కా,

చిన్న ఆపరేషన్ అని నీకు అబద్ధం రాశాను. నిజం రాస్తే నువ్వు జాలితో వస్తావు. జాలితో కాదు, నా మీద ఇష్టంతో రావాలని పంతం పట్టాను. ఇంత జరిగినా నా పంతాలకేం తక్కువ లేదు.

పొట్ట కోసి చూశారు. ఏమీ తీయకుండానే మళ్లీ కుట్టేశారు. అది అంతటా పాకిపోయిందట. డాక్టరు మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నప్పుడే అర్థమైంది. ఎన్నాళ్లని అడిగాను. ఎండాకాలం గట్టెక్కితే గొప్ప అన్నాడు.

భయంగా ఉందక్కా. చావంటే కాదు, పిచ్చుక ఎవరింట్లోనో గుమ్మం పక్కన నిలబడి వాళ్లు అన్నం పెట్టేదాకా చూస్తూ ఉంటుందేమోనని. అది ఆకలి అని అడగదు. అడగడం నేనే నేర్పలేదు. పగలంతా ఇక్కడే నా కాళ్ల దగ్గర కూర్చుని బొమ్మలు గీస్తుంది, సాయంత్రం బొత్తాలావిడ వచ్చి తీసుకెళ్తుంది.

తండ్రి లేని పిల్లని ఎందుకు కన్నావని ఆ రోజు అడిగావు. నేను రేపే టికెట్ మార్చుకుని వెళ్లిపొమ్మన్నాను. నువ్వు నిజంగానే వెళ్లిపోయావు. విమానం ఎక్కేదాకా వెనక్కి తిరుగుతావని గుమ్మంలోనే నిలబడ్డాను. ఈ నాలుగేళ్లలో నీకు ఎన్ని ఉత్తరాలు మొదలుపెట్టానో లెక్కలేదు.

నువ్వు వస్తే నేనూ నువ్వూ పిచ్చుకా ఒక్క గదిలో ఉంటాం. ఉన్నన్నాళ్లు అలా ఉంటే చాలు నాకు.

చెల్లి


బైండింగ్ షాపు,
మే 8

నా చెల్లికి,

నీ ఉత్తరం చదివి, షాపు తలుపులు వేసి, పుస్తకాలు అదిమే పెద్ద ప్రెస్సు పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. చెవులు వినపడని దాన్ని కదా, ఎంత గట్టిగా ఏడ్చానో నాకు తెలియలేదు. జిరాక్సాయన వచ్చి తలుపు బాదాడట.

కొత్త పాస్‌పోర్టు నిన్న వచ్చింది. పాతది కూడా పంపారు, మూల కత్తిరించి, రద్దు అని ముద్ర కొట్టి. వీసా పేజీ మీద ఏ ముద్రా లేదు. టికెట్ తీసుకున్నాను. ఈ నెల ఇరవైన బయల్దేరతాను. ఇరవై ఒకటి సాయంత్రానికి నీ మంచం దగ్గరుంటాను.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. వాన పడలేదు. కప్పు కారలేదు. నీ దగ్గర్నుంచి తిరిగి వచ్చిన రోజున నా ఒళ్లంతా మండిపోతోంది. ఇక ఈ జన్మలో దాని గడప తొక్కనని అనుకున్నాను. జిగురు కాచే పొయ్యి తెలుసుగా, మూడు కాళ్లలో ఒకటి కురచ. నాన్న దాని కింద అట్టముక్క పెట్టేవాడు. నేను ఆ అట్టముక్క తీసేసి పాస్‌పోర్టు పెట్టాను. పొయ్యికి సరిగ్గా సరిపోయింది. నాలుగేళ్లు అక్కడే ఉంది. జిగురు పొంగినప్పుడల్లా దాని మీదే పడింది. రోజూ చూసేదాన్ని, చూసి కూడా తీయలేదు.

నీ మీద కోపం పోయి చాలాకాలమైంది. తీస్తే ఓడిపోయినట్టు అనిపించి తీయలేదు. నన్ను తిట్టు. కానీ వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టు, నీ పెదాలు చూసి చదువుకుంటాను.

పిచ్చుకకి ఏం తేవాలో రాయి.

అక్క


బైండింగ్ షాపు,
మే 22

చెల్లీ,

ఇప్పటికి నీకు తెలిసిపోయి ఉంటుంది, జిరాక్సాయన బొత్తాలావిడకి ఫోన్ చేసి చెప్పానన్నాడు. కానీ నా చేత్తో నేను రాయాలి.

నన్ను విమానం ఎక్కనివ్వలేదు.

సామాను ఇచ్చే కౌంటర్లో అమ్మాయి రెండు పాస్‌పోర్టులూ తీసుకుంది. పాతదాంట్లో వీసా పేజీ తెరిచి, మడత దగ్గర వేలితో తడిమింది. ఇంకొకసారి తడిమింది. లోపలి గదిలో అధికారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన దాన్ని ఊదారంగు దీపం కింద పెట్టి, పక్కనే నా కొత్తదాన్ని తెరిచి పెట్టాడు. కొత్తదాని నడుమ ఆఫీసు వాళ్లు కుట్టిన దారం ఆ వెలుగుకి మిలమిల మెరిసింది. పాతదాంట్లో దారం కనిపించనే లేదు. అంతా చీకటి. నాకు వినపడదని చెబితే కాగితం మీద రాసి చూపించాడు: ‘ఇది ఎవరు కుట్టారు?’

నేనే అన్నాను. చెల్లీ, నేను సిగ్గుపడాల్సింది ఇక్కడే. ఆ మాట అంటున్నప్పుడు ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. అంత దీపం పెట్టి చూస్తే తప్ప తెలియలేదు కదా అని.

నువ్వు అడిగావు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే పొయ్యి కింద నుంచి తీశాను. పదకొండో పేజీ బాగానే ఉంది గానీ, ఆ కాగితం రెండో సగం, మడతకి అవతల ఉన్నది, జిగురులో నాని ముద్దయింది. ఆ తడి ఇటు పాకి వీసాని తినేస్తుందని భయమేసింది. కుట్టు విప్పాను. అతుక్కోకుండా మిగిలిన ప్రతి కాగితం విడిగా ఆరబెట్టి, బరువు పెట్టి, మన మైనం దారంతో పాత రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టాను. కొత్త రంధ్రం ఒక్కటి కూడా పొడవలేదు. నీకు చూపిద్దామనుకున్నాను. నువ్వు వద్దని రాసేసరికే కుట్టేశాను. చెబితే నన్ను మూర్ఖురాలంటావని, ఆఫీసులో చెబితే వీసా పీకేస్తారని ఊరుకున్నాను. పాస్‌పోర్టు ఆఫీసు కౌంటర్లో ఆవిడ ఏమీ అనకపోయేసరికి గండం గడిచిందనుకున్నాను.

విప్పకుండా వదిలేసి ఉంటే చెల్లేదట. అధికారి అది కూడా రాసి చూపించాడు. మరక ఉంటే మరక అనుకుంటాం, దారం మారితే పేజీ మార్చారనుకుంటాం అని. వీసా రద్దు చేశారు. మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి ఆగస్టు ఇరవై ఎనిమిది ఇచ్చారు. నీ డాక్టరు రాసిన కాగితం జతచేసి ముందుకు జరపమని అడిగాను. ఇంకా జవాబు లేదు.

పెట్టె ఇంకా విప్పలేదు. పిచ్చుకకి తెచ్చిన రంగు పెన్సిళ్లు అందులోనే ఉన్నాయి. నాకేం చేయాలో పాలుపోవడం లేదు. చెప్పు.

అక్క


ఆసుపత్రి, నాలుగో అంతస్తు,
జూన్ 3

అక్కా,

నర్సు రాస్తోంది అనుకోకు, నేనే. పడుకుని రాస్తున్నాను, రాత అందుకే ఇలా ఉంది.

నీ మీద కోపం వచ్చింది. చాలా. రెండు రోజులు నీ ఉత్తరం తలగడ కింద పెట్టి, తల ఆ పక్క పెట్టకుండా పడుకున్నాను. పొయ్యి కింద పెట్టినందుకు కాదు. అది నేనైనా చేసేదాన్ని. అడిగితే చెప్పనందుకు. ఏప్రిల్లో చెప్పి ఉంటే అప్పుడే కొత్త వీసాకి పెట్టేవాళ్లం.

ఇరవై ఒకటో తేదీ సాయంత్రం పిచ్చుక ఈ గది తలుపు వైపు తిరిగి కూర్చుంది. ఎవరొచ్చినా లేచి నిలబడింది. అది నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ మనిద్దరం దాచుకున్నది చాలు.

ఇంక కోపానికి టైము లేదు. సంక్షేమ శాఖావిడతో మాట్లాడాను. నేను బతికి ఉండగా నా బిడ్డని ఎక్కడికి పంపాలన్నా తల్లిగా నా సంతకం చాలు. నేను పోయాక ఎవరి సంతకమూ చాలదు. ఆగస్టు దాకా నేనుండను. కాబట్టి పిచ్చుకని నీ దగ్గరికి పంపిస్తున్నాను. దానికి పాస్‌పోర్టుంది, పుట్టినప్పుడే తీయించాను. బొత్తాలావిడ సెలవు పెట్టి తోడొస్తుంది. పన్నెండో తేదీ విమానం. ఈ ఉత్తరం ఆలస్యమైనా నీకు తెలిసేలా జిరాక్సాయనకి ఫోన్ చేయిస్తాను.

నువ్వు వచ్చి ఉంటే మీరిద్దరూ నా దగ్గర ఉండేవాళ్లు. ఇప్పుడు మీరిద్దరూ అక్కడ ఉంటారు. రాసేశాను. ఇంకెప్పుడూ ఈ మాట అనను, నువ్వు కూడా మనసులో అనుకుంటూ కూర్చోకు.

అది ఎడమ పక్కకి తిరిగి పడుకుంటుంది. జుట్టు దువ్వితే ఏడుస్తుంది, కానీ దువ్వు. ఆకలని అడగదు, నువ్వే అడుగు. నీ కుడి చెవి కొంచెం నయం కదా, అక్కడ నోరు పెట్టి మాట్లాడమని చెప్పాను. అమ్మకి జ్వరం, తగ్గాక వస్తుందని చెప్పాను. నిజం ఎప్పుడు చెప్పాలో నీకే వదిలేస్తున్నాను.

దాని సంచీలో బొమ్మలున్నాయి, ఆసుపత్రిలో గీసినవన్నీ. విడి కాగితాలు. అవి మాత్రం కుట్టక్కా. నీ చేత్తో కుట్టు.

నీ చెల్లి


బైండింగ్ షాపు, పైగది,
జూన్ 15

నా చెల్లికి,

నువ్వు చదవలేకపోతే బొత్తాలావిడ చదివి వినిపిస్తుంది. తిరుగు విమానానికి వెళ్తూ ఈ కవరు తన చేత్తోనే తెస్తోంది.

పిచ్చుక చేరింది.

విమానాశ్రయంలో బయటికి వచ్చే తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. వస్తున్న వాళ్ల కాళ్ల మధ్యలోంచి వచ్చింది. మెడలో గుడ్డ సంచీ, అందులో పాస్‌పోర్టు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. నన్ను కింద నుంచి పైదాకా చూసి, టేబులంత లేవు అంది. జిరాక్సాయన నా చెవిలో అరిచి చెబితే తెలిసింది. ఆ తర్వాత నేను వంగితే, నువ్వు చెప్పినట్టే నా కుడి చెవిలో నోరు పెట్టింది. ఊపిరి తగిలింది తప్ప మాట తెలియలేదు. మళ్లీ చెప్పమన్నాను. నాలుగోసారికి వినపడింది. ‘అమ్మ తలుపు వైపు తిరిగి పడుకుంది’ అంది.

దాని పాస్‌పోర్టు బీరువా పై అరలో పెట్టాను. దాని కింద ఏమీ లేదు, దాని మీద ఏమీ లేదు.

అడిగి పెడితే తింటోంది. ఎడమ పక్కకే పడుకుంది. జుట్టు దువ్వాను, ఏడ్చింది, దువ్వాను.

ఇవాళ పొద్దున బొమ్మలు తీశాం. నలభై ఒక్క కాగితాలు. అన్నిట్లోనూ నువ్వే, మంచం, కిటికీ. తర్వాత తర్వాత మంచం పెద్దదవుతూ వచ్చింది, నువ్వు చిన్నదానివవుతూ వచ్చావు. నాకు సూది బెజ్జం ఇప్పుడు సరిగా కనిపించడం లేదు. దారం అదే ఎక్కించింది. కొసని నోట్లో పెట్టి తడిపి, ఒక కన్ను మూసి, మొదటిసారికే. చిన్నప్పుడు నాకు నువ్వు ఎక్కించినట్టే.

కుట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. చివర తెల్ల కాగితాలు కూడా పెట్టమంది, ఇక్కడ కూడా గీస్తుందట. ఎన్ని పెట్టమంటావని అడిగాను. నా చెవిలో నోరు పెట్టి, అమ్మ వచ్చేదాకా సరిపోయేన్ని అంది.

చేతికి వచ్చినన్ని పెట్టి కుట్టాను. పుస్తకం బాగా లావైపోయింది, అట్ట మూసుకోవడం లేదు. రేపు ప్రెస్సులో పెట్టి చూస్తాను.

అక్క